తీసివేత పట్టీ

జిల్లా కేంద్రం నుంచి కాగితమొచ్చింది:
చండూరు శాఖా గ్రంథాలయంల
కాలం చెల్లిన పుస్తకాలు ఏరి, కట్టలు గట్టి,
ఒక్కోదానికి కారణం రాసి పంపాలట.

కథలకు కాలం చెల్లదు గదా అనుకొని
ముందుగాల యాత్రల గైడ్ల అర మీద పడ్డ.
దాని పక్కదే జనరల్ నాలెడ్జి.
వీటిని చదవడాన్ని చదువంటరా ఎవరన్నా?
ఒకటి, ఎన్నడూ కదలనోనికి దారి చెబుతది.
ఇంకోటి, ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెబుతది.

చిన్నచూపే నాకు, దాచుడెందుకు.
లోకంల ఎత్తైన మేడ ఎప్పుడో పొట్టిదైపోయింది.
నల్లగొండ ఇంకా ఆంధ్రప్రదేశ్‌లనే ఉన్నది.
ఊటీల గది కిరాయి నూట ఇరవై.
దేవరకొండ కోటకు పొద్దున ఆరూ నలభైకి బస్సట;
డ్రైవర్ సోమ్లాను అడిగితే నవ్విండు:
"ఆ బస్సు తుక్కుకు పోయి పదేండ్లాయె, సారూ."

బస్సే తుక్కుకు పోయినంక
దాని టైము రాసిన కాగితానిదేమున్నది!
కట్టలకు తోసిన.

మూడో కట్టకు సుతిలి తాడు బిగిస్తుంటే
కిటికీ పక్క బల్ల మీద రమావత్ మోతి,
తండా నుంచి రెండు ఆటోలు మారి వస్తది,
గ్రూప్ ఫోర్‌కు చదువుతది,
తనకు తానే పైకి అడుగుకుంటున్నది:
"నల్గొండ టెక్నిక్ అనగానేమి?
ఏ, పంటల మార్పిడి. బీ, చేనేతల ఒక ముడి.
సీ, నీళ్లల్ల ఫ్లోరైడు తీసే పద్ధతి. డీ, ఇవేవీ కావు."

ఎదురు బల్ల కాడ చెరుపల్లి అంబయ్య.
మెడ తిరగదాయనకు.
మనిషి మొత్తం, కుర్చీతో సహా, ఇటు తిరిగిండు.
"సీ," అన్నడు.
మళ్లా కుర్చీతో సహా అటు తిరిగి
తన పుస్తకంలకు పోయిండు.

ఒక మార్కు.

మోతి చాలాసేపు టిక్కు పెట్టలే.
"ఆ బుక్కు తీసెయ్యాలె బిడ్డా, జవాబుల్ల తప్పులున్నయ్," అన్న.
"తప్పులు యాడున్నయో నాకెరికె సార్,
కొత్తదాంట్ల మళ్లా ఎతుక్కోవాలె."

అంబయ్య మగ్గం దిగి ఏడేండ్లు.
పదింటికి తలుపు తెరిస్తే మొదటి చెప్పులు ఆయనవే.
ఎప్పుడూ అదే గైడు, అట్ట లేనిది.
"ఇయ్యాల యాడిదాక పోయినవు పెద్దాయనా?"
మే నెల మిట్టమధ్యాహ్నం అంటడు గదా,
"సిమ్లాల దిగిన. సలి పెడుతున్నది."

మన్నె పుల్లయ్య కాశికి పోయేముందు
ఈయన్నే అడిగి రాసుకున్నడు, ఏ సందు, ఏ ఘాటు, పడవకెంత.
తిరిగొచ్చి ఇక్కడ్నే నిలబడి చెప్పిండు:
"పైసలన్నీ తప్పు.
మలుపులన్నీ రైటే."

బువ్వకు పోయిండు అంబయ్య,
పుస్తకం బోర్లించి.
కారణం గడి నింపుదామని నేను తీసిన.
మా జిల్లాకు దక్కింది అర పేజీ.
పానగల్లు గుళ్లు, సాగరు, దేవరకొండ కోట.
చండూరు పేరు లేనే లేదు.
చివరి వాక్యం: యాత్రికులు తాగునీరు వెంట తెచ్చుకొనుట మంచిది.
దాని కింద పెన్సిల్ గీత.
పక్కన, వంకర వేళ్లతోని రాసిన ఒక్క మాట:
నిజం.

మూడొందల పేజీలూ తిప్పిన.
ఇంకెక్కడా గీత లేదు.

రిజిస్టర్ల మూడే కారణాలకు చోటున్నది:
చిరిగినది, పాతది, పాఠకులు లేరు.
మొదటి రెండూ పొల్లు కాదు. మూడోది రాయాలంటే చెయ్యి రాలే.
పెన్ను మూత తీసి, పెట్టి, తీసి,

"గదేంది సారూ!"
తడి చేతులు ధోతికి తుడుచుకుంటూ
మనిషి మొత్తం గుమ్మంల నిలబడ్డడు అంబయ్య.
"నా పేజీ తప్పిస్తివా?
రామేశ్వరం వంతెన మీదుంటి గదా,
నడిమధ్యల రైలాపితివి!"

పెన్ను పక్కకు పెట్టి
గబగబ తిప్పుతున్న,
సముద్రం ఏ పేజీలున్నదో.